వరిగడ్డి సంచులు

సాంచెలు నడుస్తున్నంత సేపు సిరిసిల్ల పిల్లలు నిశ్చింతగా నిద్రపోతారు. అవి ఆగిపోతేనే ఉలిక్కిపడి లేస్తారు. మరమగ్గాన్ని సాంచె అని పిలిచే ఆ ఊళ్లో, ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే పుస్తకం పట్టిన మనిషి శ్రీవాణి. తండ్రి ఐలయ్య సాంచెల ముందు నిలబడి నిలబడి పిక్కల నరాలు ఉబ్బినవాడు. తల్లి కొమురవ్వ చిన్నప్పుడు నూలు కండెలు చుట్టింది, తర్వాత బీడీలు చుట్టింది, ఇప్పుడు చూపు మందగించి రెండూ మానుకుంది. ఇద్దరికీ ఒక్కతే బిడ్డ. చదువు మానమని వారు ఆమెను ఏనాడూ అనలేదు. ఎందుకు చదువుతున్నావని కూడా అడగలేదు. వారికి తెలిసిందల్లా ఒక్కటే: బిడ్డ చదువు ఇంకా పూర్తి కాలేదు.

నిజానికి ఆ చదువు పూర్తికాక పదేళ్లు దాటింది. కరీంనగర్‌లో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ ముగించిన నాటి నుంచి శ్రీవాణి కోరింది ఒక్క వస్తువునే. పరిశోధన విద్యార్థిగా ఒక సీటు. నెట్ పరీక్షలో ప్రతిసారీ వెంట్రుకవాసిలో తప్పిపోయింది. పరిశోధనా సంస్థల్లో ఇంటర్వ్యూలకు వెళ్లింది. ఇంతవరకు ఏ ప్రయోగశాలలో పనిచేశావని వారు అడిగేవారు. పనిచేసే అవకాశం కోసమే వచ్చానని ఆమె చెప్పేది. వారు మర్యాదగా తలూపేవారు. ఆమెకు అన్యాయం జరిగిందని చెప్పడానికి ఆధారమేమీ లేదు. తలుపు మూసినవారు చెడ్డవారు కారు. తలుపులు తక్కువ, బయట నిలబడ్డవారు ఎక్కువ. అయితే బయట నిలబడ్డ మనిషికి ఈ లెక్క ఓదార్పు కాదు. చూస్తుండగానే ఆమెకు ముప్పై దాటాయి. పెళ్లి సంబంధాలు రావడం మానేశాయి. అందుకు ఆమె దిగులుపడలేదు గానీ, పరిశోధన ప్రకటనల్లో వయోపరిమితి అనే వరుస కనబడితే మాత్రం గుండె జారేది. సడలింపులన్నీ కలుపుకున్నా ఇంకొక్క ఏడాదే మిగిలింది.

బతుకు తెరువుకు ఆమె కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పేది. బస్టాండు వెనుక ఒక అద్దెగది. గల్ఫ్‌కు పోయినవారు కట్టించిన మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన. రెండేళ్ల కింద హైదరాబాద్ పరిశోధనా సంస్థ ఒకటి జగిత్యాల శివారులో చిన్న ప్రయోగ కేంద్రం తెరిచింది. రేకుల షెడ్డు, రెండు గదులు, ఒక బోరు. సహాయకులు కావాలని విన్న రోజునే శ్రీవాణి వెళ్లి నిలబడింది. వారంలో మూడు రోజులు అక్కడ, మిగిలిన రోజులు కళాశాలలో. పేరుకు ప్రాజెక్ట్ అసిస్టెంట్. ఆ మాట పలికేటప్పుడు ఆమె గొంతు కొంచెం నిటారుగా మారేది.

పని వరిగడ్డితో. కోతలయ్యాక హార్వెస్టర్ వదిలిన గడ్డిని ఎత్తించే ఓపిక లేక రైతులు పొలంలోనే అంటబెడతారు. కోరుట్ల చుట్టుపక్కల సాయంత్రాలు ఆ పొగతో బూడిద రంగుకు మారతాయి. ఆ గడ్డిలో పీచు ఉంది. పీచును విడగొడితే చక్కెర వస్తుంది. చక్కెరను పులియబెడితే ఇథనాల్ వస్తుంది. దాన్ని పెట్రోలులో కలిపి బండి నడపవచ్చు. ఈ శాస్త్రం కొత్తది కాదు. పెద్ద యంత్రాలు లేకుండా, ఒక మండలంలో నలుగురు కలిసి నడుపుకోగలిగేంత చవకగా చేయడమే ఎవరికీ కుదరలేదు. జగిత్యాల షెడ్డులో వెతుకుతున్నది ఆ చవక దారినే. తరిగిన గడ్డిని సున్నపు నీళ్లలో నానబెట్టి, కడిగి, ఆవిరిలో ఉడికించి, పిండి, ఆ గడ్డికీ పిండిన రసానికీ కలిపి బూజు నుంచి తీసిన ఎంజైము చేరుస్తారు. రెండు రోజుల తర్వాత చక్కెర ఎంత దిగిందో కొలుస్తారు.

ప్రాజెక్టుకు పెద్ద సుజాత మేడం. హైదరాబాద్‌లో ఉంటుంది, నెలకోసారి వస్తుంది. మాట పొదుపు, చూపు సూటి. మొదట్లోనే ఆమె శ్రీవాణితో విషయం దాచకుండా చెప్పింది. వంద గ్రాముల గడ్డికి ముప్పై గ్రాముల చక్కెర దిగితే పద్ధతి నిలబడినట్టు. నిలబడితే ప్రాజెక్టును పొడిగిస్తారు. పొడిగిస్తే ఒక రీసెర్చ్ స్కాలర్ సీటు వస్తుంది. ఆ సీటుకు నీ పేరు చెప్పగలను, ఇప్పిస్తానని మాత్రం అనలేను అంది. శ్రీవాణికి ఆ మాటే చాలింది. పదేళ్లలో ఆమె పేరు చెప్తానన్న మనిషి అంతవరకు ఒక్కరూ లేరు.

ఆవిరిలో ఉడికించేటప్పుడు చిన్న చిన్న గడ్డి తునకలు జల్లెడ గుండా జారిపోయి లెక్క చెడిపోయేది. దానికి ఉపాయం శ్రీవాణిదే. గడ్డిని నూలు సంచుల్లో పోసి మూతి కట్టి ఉడికిస్తే ఒక్క తునక పోదు అంది. పాలిస్టర్ నేసే సాంచె మీద ఐలయ్య ఆమె కోసం నూలు పడుగు ఎక్కించి నాలుగు గజాల బట్ట నేసి ఇచ్చాడు. కొత్త బట్ట పడుగులో గంజి ఉంటుందని సాలె ఇంటి బిడ్డకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆ సంచుల్ని ఆమె సలసల కాగే నీళ్లలో మళ్లీ మళ్లీ మరిగించి, గంజి మొత్తం పోయిందని తేల్చుకున్నాకే వాడింది. సుజాత మేడం సంచిని వేళ్ల మధ్య నలిపి చూసి, ఇది బాగుందని ఒక్క మాట అంది. ఆ మాటను శ్రీవాణి ఆదివారం సిరిసిల్ల దాకా మోసుకెళ్లి తల్లిదండ్రులకు అప్పజెప్పింది. ఐలయ్య మీసం తుడుచుకున్నాడు. కొమురవ్వ మాత్రం, మా బట్ట హైదరాబాద్ మేడం చేతిల పడ్డదా అని మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

సంచి బాగుంది గానీ గడ్డి కరుణించలేదు. నెలల తరబడి చక్కెర ఇరవై రెండు దగ్గరే ఆగిపోయింది. ఎప్పుడో ఒకసారి ఇరవై మూడు. షెడ్డులో ఆమెతో పాటు పనిచేసే ధనుంజయ్ వెల్గటూర్ పిల్లగాడు, ఆమె కంటే చిన్నవాడు, నవ్వకుండా నవ్వించే రకం.

"అక్కా, మనకన్న బర్లు నయం. అవి గిదే గడ్డి తిని పాలన్న ఇస్తయి" అన్నాడు ఒకనాడు అంకె చూసి.

శ్రీవాణి నవ్వలేదు. ప్రాజెక్టు గడువు దగ్గరపడుతోంది. ఆ గడువు అటు తిరిగితే ఆమె వయసూ అటే తిరుగుతుంది. ఆ రోజుల్లో ఆమె తిండి సరిగా తినలేదు. కోరుట్ల నుంచి జగిత్యాల పోయే షేర్ ఆటోలో చుట్టూ జనం మాట్లాడుకుంటుంటే ఆమె పెదవులు అంకెల్ని గొణుగుతుండేవి. పక్కన కూర్చున్న ముసలవ్వ ఒకామె, మంత్రం చదువుతున్నదనుకుని చేతులు జోడించిందట.

ఆఖరు ప్రయత్నంగా శ్రీవాణి గడ్డి సున్నపు నీళ్లలో నానే కాలాన్ని పెంచింది. ఒక్క రోజుకు బదులు మూడు రోజులు. సరిగ్గా అదే వారం కళాశాలలో పరీక్షల డ్యూటీ పడింది. అంతవరకు సంచుల్ని తానే ఉతికేది. ఇక తీరిక దొరకక, మరకలు పట్టిన సంచులన్నింటినీ మూటగట్టి సిరిసిల్ల బస్సులో పంపి, వేడినీళ్లలో ఉతికి ఆరేసి పంపమని తల్లికి ఫోన్లో చెప్పింది. కొమురవ్వ ఉతికి, మడతపెట్టి, వేములవాడ మీదుగా వచ్చే బస్సు కండక్టర్ చేతికి ఇచ్చి పంపింది. ఆనాటి నుంచి సంచుల ఉతుకు తల్లిదే అయింది.

ఒకే వారంలో రెండు మార్పులు జరిగాయి. శ్రీవాణి ఒకదాన్నే లెక్కలోకి తీసుకుంది. రెండోది ఆమె దృష్టిలో మార్పే కాదు. అమ్మ బట్టలు ఉతకడం ప్రయోగంలో భాగమని ఎవరు అనుకుంటారు?

అంకె ముప్పై ఒకటికి ఎక్కింది. ఆమె నమ్మలేదు, మళ్లీ చేసింది. ముప్పై రెండు. మళ్లీ చేసింది. ముప్పై ఒకటే. ధనుంజయ్ కొలత గొట్టాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇగ మన దిక్కు మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ తాళంచెవి మనకే ఇస్తరక్కా" అన్నాడు.

ఈసారి ఆమె నవ్వింది. నవ్వుతూనే గోడకు ఒరిగి కూర్చుండిపోయింది.

సుజాత మేడం ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు. రెండు నిమిషాలు విని, స్కాలర్ సీటుకు ఇంటర్వ్యూ త్వరలో పెట్టిస్తానంది. జగిత్యాల షెడ్డులోని కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు, కమిటీ హైదరాబాద్ నుంచి తెర మీద చూస్తుందని చెప్పింది. ఫోన్ పెట్టే ముందు ఒక చిన్న పని అప్పగించింది. అదే గడ్డిని, అదే విధంగా మూడు రోజులు నానబెట్టి, కడిగి, ప్లాస్టిక్ డబ్బాలో తనకు పంపమంది. ఉడికించడం తమ దగ్గర స్టీలు బుట్టలో చేస్తామంది. ఎవరి మీదా అనుమానంతో కాదు, రెండు చోట్ల ఒకే ఫలితం వస్తే కమిటీ ముందు మాట బలంగా ఉంటుందని. శ్రీవాణి ఉత్సాహంగా పంపింది.

ఇంటర్వ్యూ సోమవారం అనగా, ముందటి మంగళవారం మేడం నుంచి ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో దిగిన చక్కెర ఇరవై నాలుగు. మేడం గొంతులో కోపం లేదు. అది ఉంటే శ్రీవాణికి కొంత నయంగా ఉండేది. ఇద్దరిలో ఒకరం తప్పు చేస్తున్నాం, అది నేనూ కావచ్చు నువ్వూ కావచ్చు, సోమవారం లోపల ఎవరో తేల్చు అని మాత్రమే చెప్పింది.

శ్రీవాణి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు కళాశాలకు సెలవు పెట్టి జగిత్యాలకు పరుగెత్తింది. సున్నం తూకం సరిచూసింది. ఎంజైము కొత్త సీసా తెరిచింది. తక్కెడను సరిచూసింది. కడిగిన గాజును మళ్లీ కడిగింది. ఏదీ తప్పని తేలలేదు. పాత ప్రయోగం రసం ఇంకా మిగిలి ఉంటే మళ్లీ కొలిచింది, ముప్పై ఒకటే. హైదరాబాద్ వాళ్లే ఎక్కడో పొరబడ్డారని అనుకోవాలని మనసు పీకింది. కానీ వారి దగ్గర మంచి యంత్రాలున్నాయి, ఆమె దగ్గర రేకుల షెడ్డుంది. ఎవరి వైపు మొగ్గాలో ఆమెకు తెలుసు.

మరొక్కసారి మొదటి నుంచి చేయాలనుకుంది. సంచులన్నీ సిరిసిల్లలో ఉతుకుడులో ఉన్నాయి. బస్సులో వేయించే వ్యవధి లేదని గురువారం పొద్దున తానే బయలుదేరింది. వేములవాడలో బస్సు మారింది. సిరిసిల్లలో దిగి ఇంటి సందులోకి తిరిగేసరికి సాంచెల చప్పుడు ఎప్పటిలాగే నేలను అదిమిపట్టి ఉంది.

కొమురవ్వ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. ముందు పెద్ద సత్తు గిన్నె. అందులో చిక్కటి తెల్లటి గంజి, పొద్దున వండిన అన్నంలోంచి వార్చింది. పక్కన ఉతికి పిండిన సంచులు. ఆమె ఒక్కొక్క సంచినీ గంజిలో ముంచి, రెండు చేతులతో నెమ్మదిగా పిసికి, ముడతలు సాగదీసి, నీడలో కట్టిన తాడు మీద ఆరేస్తోంది. అప్పటికే ఆరినవి అప్పడాల మాదిరి బిర్రుగా నిలబడ్డాయి.

శ్రీవాణి గడప దగ్గరే ఆగిపోయింది. కూతుర్ని చూసి కొమురవ్వ ముఖం వెలిగింది.

"అచ్చినవా బిడ్డా. గీ రెండు ముంచితె అయిపాయె, ఆగు."

"గంజి పెడుతున్నవా అవ్వా?"

"మరి పెట్టనా? పెద్ద పెద్ద సార్లు ముట్టుకునే బట్టాయె. పీలికల లెక్క పంపితే, ఐలయ్య ఇంట్ల గంజికి గూడ గతి లేదా అనరా?"

"ఎప్పటిసంది?"

"నువ్వు నా చేతికి పంపిన కాన్నుంచి. ఒక్కపారి తప్పలే" అంది కొమురవ్వ గర్వంగా.

గంజి పెట్టని బట్ట ఆ ఇంటి గడప దాటదు. కొమురవ్వ చీరకు గంజి, ఐలయ్య ధోవతికి గంజి, శ్రీవాణి ఆదివారాలు తెచ్చి ఉతికించుకునే చుడీదార్ల మీద కూడా గంజే. పుట్టిన నాటి నుంచి బిర్రు బట్ట ఒంటికి రాసుకుని పెరిగిన చేతులవి. జగిత్యాలలో ఆ సంచుల్ని ఎన్నిసార్లు విప్పిందో, ఎన్నిసార్లు మూతి కట్టిందో. అవి బిర్రుగా ఉన్నాయని ఒక్కసారి కూడా ఆమె వేళ్లకు తోచలేదు. మరో ఇంటి పిల్ల అయితే మొదటి రోజే, ఈ సంచి ఇట్లా ఎందుకుందని అడిగి ఉండేది. కొత్త బట్టలోని గంజిని పట్టుకుని మరిగించి తీసిన మనిషే, ఉతికిన బట్టలోని గంజిని చూడలేకపోయింది. మొదటిది ఆమెకు సరుకు, రెండోది ఇల్లు.

గంజి అంటే పిండి పదార్థం. ఆవిరి తగలగానే అది కరిగి గడ్డిలోకీ, పిండిన రసంలోకీ దిగుతుంది. బూజు నుంచి తీసిన ఎంజైము గడ్డి పీచును కొరకడానికి అవస్థ పడుతుంది గానీ పిండిని ఇట్టే చక్కెర చేస్తుంది. తాడు మీది సంచుల్ని చూస్తూ శ్రీవాణి ఈ గొలుసంతా ఒక్క ఊపిరిలో చదివేసింది. తల్లి పెట్టిన చాయ తాగింది. ఆరిన సంచుల్ని మడతపెట్టి తన చేతిసంచిలో వేసుకుంది. సార్లు ఏమన్నా అన్నారా అని తల్లి అడిగితే, సోమవారం ఇంటర్వ్యూ ఉందని చెప్పి బస్సెక్కింది.

ఊహ ఊహే, రుజువు రుజువే. శుక్రవారం ఆమె జగిత్యాలలో ఒక సంచి మీద, గంజిని పట్టించే అయోడిన్ చుక్క వేసింది. చుక్క పడినచోట బట్ట నీలంగా, ఆపైన నల్లగా మారింది. తర్వాత ఒక సంచిని ఖాళీగా మూతి కట్టింది. లోపల ఒక్క గడ్డిపోచ కూడా లేదు. దాన్ని ఆవిరిలో ఉడికించి, పిండిన రసంలో ఎంజైము కలిపి పెట్టింది. రెండు రోజులు ఆగి ఆదివారం కొలిచింది. చక్కెర వచ్చింది. గడ్డి లేకుండానే, తన అంకెకూ హైదరాబాద్ అంకెకూ మధ్య తేడాకు సరిపోయేటంత చక్కెర వచ్చింది. ఆమె ప్రయోగంలో కొత్తగా సాధించింది ఏదైనా ఉంటే అది మూడు రోజులు నానబెట్టడం వల్ల పెరిగిన ఆ ఒకటి రెండు గ్రాములే. మిగిలిందంతా కొమురవ్వ వార్చిన గంజి.

ధనుంజయ్ ఆ నీలపు మచ్చను వేలితో రుద్ది చూశాడు. ఆ తర్వాత తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"అక్కా, నేనొకటి చెప్త, తిట్టకు. గడ్డి తొవ్వల ఎండకు చెడిపోయి ఉంటదని చెప్పు. మేడం గూడ కాదనది. సీటు వచ్చినంక నిమ్మళంగ సరిచేసుకోవచ్చు."

"వచ్చినంక సరిచేస్తనా?"

"అందరు ఎక్కినంకనే టికెట్ తీసుకుంటరక్కా."

అతని మాటను తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. అతను ఆమె మేలు కోరి చెప్పాడు, పైగా ఆ దారి నడిచేదే. సంచుల సంగతి తెలిసినవాళ్లు భూమ్మీద ఇద్దరే. తనకు సీటు వస్తే మూడేళ్లు దొరుకుతాయి. మూడేళ్లలో నిజంగానే ముప్పై దాకా తేలేనా అని శ్రీవాణి తనను తాను అడిగింది. తేగలననే తోచింది. అలా తోచడమే ఆమెను భయపెట్టింది. అన్ని వారాలు ముప్పై ఒకటిని ప్రశ్నించకుండా నమ్మింది కూడా ఇలా తోచినందుకే. ఆ సాయంత్రం కోరుట్ల పోయే దారంతా రోడ్డుకు రెండు వైపులా పొలాలు తగలబడుతున్నాయి. ఆటోలో అందరూ ముక్కులకు కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. ఆమె పెట్టుకోలేదు. కళ్లు మండి నీళ్లు కారితే పొగ వల్లనే అనుకోనిచ్చింది.

గదికి చేరి మంచం మీద కూర్చుంది. సోమవారం కట్టుకోవడానికి సిరిసిల్లలో ఉతికించి తెచ్చుకున్న చీర మడత విప్పబోయి చేయి ఆపింది. చీర ఫెళఫెళలాడుతోంది. దాన్ని పక్కన పెట్టి వేరే చీర తీసుకుంది.

సోమవారం తెర మీద ఐదు ముఖాలు. సుజాత మేడం మధ్యలో ఉంది. వాళ్లు ఫలితం చెప్పమనేదాకా శ్రీవాణి ఆగలేదు. నా ముప్పై ఒకటి తప్పు, మీ ఇరవై నాలుగే సరి అని మొదలుపెట్టి, సంచులు, గంజి, అయోడిన్, ఖాళీ సంచి అన్నీ వరుసగా చెప్పింది. కమిటీలోని ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ఖాళీ సంచితో పరీక్ష మొదట్లోనే ఎందుకు చేయలేదని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. అంకె నచ్చింది కనుక వెతకలేదని చెప్పింది.

"సంచుల్ని ఉతికింది ఎవరు?" అని సుజాత మేడం అడిగింది.

"నేనే, మేడం."

ఆ పూట ఆమె నోటి నుంచి వచ్చిన అబద్ధం అదొక్కటే. అబద్ధం అబద్ధమే, దాన్ని మంచి పేరుతో పిలవనక్కర లేదు. అయితే ఆ సంచులకు పూచీ ఎవరిదని అడిగితే ఆ జవాబు అక్షరాలా నిజమని కూడా రాయాలి. సుజాత మేడం తెరలోంచి ఆమెను ఒక క్షణం ఎక్కువగా చూసింది. మరేమీ అడగలేదు.

మూడో రోజున మేడం ఫోన్ చేసింది. ఇరవై నాలుగుతో ప్రాజెక్టును పొడిగించడం లేదని, పొడిగింపు లేకపోతే సీటు లేదని చెప్పింది. నీవు ఏమీ చెప్పకపోయినా హైదరాబాద్ అంకె ముందు నీ ముప్పై ఒకటి ఎంతకాలమో నిలిచేది కాదు, చెప్పినందుకు నీ మీద నాకు నమ్మకం పెరిగిందే గానీ తరగలేదు అంది. మరో ప్రాజెక్టు వస్తే కబురు చేస్తానంది. ఎప్పుడు వస్తుందని శ్రీవాణి అడగలేదు. ఏడాది దాటితే ఆ కబురు ఆమెకు పనికిరాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మేడం ఉన్న మాటే అంది, ఆ మాటలో దయ కూడా ఉంది, అది శ్రీవాణికి ఏ విధంగానూ అక్కరకు రాలేదు.

నెలాఖరుకు షెడ్డుకు తాళం పడింది. ధనుంజయ్ మందుల కంపెనీ ఒకదానిలో పని వెతుక్కుని వెళ్లిపోయాడు. ఎవరికీ అక్కర లేని సంచుల్ని శ్రీవాణి మూటగట్టుకుని ఆదివారం సిరిసిల్లకు తెచ్చింది. సీటు రాలేదని చెప్పింది. ఐలయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు ఆయన చేసే పని అదే. కొమురవ్వ కూతురి పక్కన కూర్చుని, చాలాసేపు వీపు నిమిరింది. ఆపైన మూటను తన వైపు లాక్కుంది.

"పోనీ బిడ్డా. ఇంకోపారి అడుగుతరు గద. ఈసారి గంజి ఇంకింత చిక్కగ పెడుత. సార్ల కండ్లకు కొట్టొచ్చినట్టుండాలె."

"వద్దవ్వా. ఇగ నేనే ఉతుక్కుంట."

కొమురవ్వ చేయి మూట మీదనే ఆగింది. మందగించిన కళ్లతో కూతురి ముఖాన్ని తడుముతున్నట్టు చూసింది.

"నేను ఉతికింది మంచిగ లేదన్నరా?"

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. శ్రీవాణి అనబోయింది. కానీ తల్లి గొంతులో అప్పటికే గాయం తగిలింది. కారణం చెప్పకపోతే ఆమె తన చేతుల్ని, తన ఉతుకుని, తన చూపు మందాన్ని ఒక్కొక్కటిగా తప్పుబట్టుకుంటూ పోతుంది. ఏది చెప్పినా దెబ్బే. ముక్కూ మొహం తెలియని ఐదుగురికి చెప్పిన నిజాన్ని కన్నతల్లికి చెప్పకపోవడం ఏ న్యాయమో ఆమెకు తోచలేదు. మెల్లగా, సులువైన మాటల్లో చెప్పింది. గంజిలోనూ చక్కెర ఉంటుందని. అది గడ్డి చక్కెరలో కలిసిపోయిందని. చూడవలసింది తానేనని, తల్లి తప్పు ఇసుమంతైనా లేదని మళ్లీ మళ్లీ చెప్పింది.

కొమురవ్వ అంతా విని లేచింది. వంటింట్లో మూతపెట్టి ఉంచిన గంజి గిన్నెను రెండు చేతులతో ఎత్తుకుని వెళ్లి, పక్కింటివాళ్ల బర్రె కుడితి తొట్టిలో పోసి వచ్చింది. గిన్నె కడిగి బోర్లించింది.

శ్రీవాణి మళ్లీ కోరుట్లలో పాఠాలు చెబుతోంది. పరిశోధన ప్రకటనలు ఇప్పటికీ చూస్తుంది. వయోపరిమితి వరుస దగ్గర ఆగి, పేజీ తిప్పేస్తుంది. ఆ మూట తెచ్చిన తర్వాతి ఆదివారం సిరిసిల్లకు వెళ్లినప్పుడు వాకిట్లో తాడు మీద తల్లి చీర ఆరేసి ఉంది. అంతకుముందు ఆ చీర గాలి వీస్తే పటపట కొట్టుకునేది. సాంచెల చప్పుడులో కూడా వేరుగా వినిపించేది. ఇప్పుడది ముడతలు ముడతలుగా తాడుకు అతుక్కుని వేలాడుతోంది. దాని పక్కన ఐలయ్య ధోవతి కూడా అట్లాగే వేలాడుతోంది. గంజి పెట్టమని ఆమె తల్లిని బతిమాలింది. కొమురవ్వ వినిపించుకోనట్టు పొయ్యి ముందు కూర్చుని, గంజి వార్చకుండానే అన్నం దించింది.